బతుకమ్మ అయినంక పూసే పూలు

బతుకమ్మ అయిపోయిందంటే మా దిక్కు పూల ముచ్చట అయిపోయినట్టే. తంగేడు తెంపుడు, గునుగు కోసుడు, దానికి రంగులద్దుడు, బంతి చామంతి మార్కెట్‌ల కొనుడు, సద్దుల నాడు చెరువుకు పోవుడు, ఇగ మళ్ల పూల గురించి మాట్లాడేది వచ్చే ఏడే. కాని నన్నడిగితే మన నేల తన సొంత పూలు పూసుడు మొదలువెట్టేదే అప్పుడు. వానలు తగ్గి, చెరువు నీళ్లు కొంచెం కొంచెం కిందికి దిగుతుంటే, వరికోతలు నడుస్తుంటే, గుట్టల మీద గడ్డి పచ్చదనం పోయి ఎండుతుంటే, అప్పుడు బయటికొస్తయి ఎవరూ నాటని, ఎవరూ నీళ్లు పోయని చామంతి కుటుంబం పూలు. ఇంగ్లీషోళ్లు వైల్డ్ డైసీలు అంటరే, అవి మనకు కూడా ఉన్నయి, మన వరంగల్ చుట్టుపక్కలే ఉన్నయి. వాటి గురించే ఈ పోస్టు, కొంచెం పొడుగ్గనే ఉంటది, ఓపికతోని చదవండి.

డైసీ అనంగనే అందరికీ యాదికొచ్చేది తెల్ల రేకులు, మధ్యల పసుపు బొట్టు ఉన్న పువ్వు. ఫోన్ వాల్‌పేపర్ల మీద, పిల్లల గౌన్ల మీద, చాయ్ కప్పుల మీద అంతటా అదే. దాని పేరు బెల్లిస్ పెరెన్నిస్, యూరప్ చల్లటి పచ్చికల్లది, మన మే నెల ఎండకు అది ఒక్క వారం కూడా ఆగదు. కాని ఆ పువ్వు ఒక్కటే డైసీ కాదు, దాని కుటుంబం మస్తు పెద్దది, ప్రపంచం మొత్తం మీద సుమారు 32 వేల జాతులు ఉన్నయని లెక్క. పొద్దుతిరుగుడు దాంట్లదే, కుసుమ దాంట్లదే, బంతి, చామంతి, వయ్యారిభామ కూడా ఆ ఇంటివే. వీటన్నిటినీ కలిపేది ఒక్క సంగతి, మనం ఒక పువ్వు అనుకునేది అసలు ఒక పువ్వే కాదు. బతుకమ్మను ఎట్లయితే ఒక్కో వరుస పూలు పెట్టి గుండ్రంగ పేర్చి అంతా కలిపి ఒక్క బతుకమ్మ అంటమో, అట్లనే చిన్న చిన్న పూలు పదులు, వందలు ఒక్క పీఠం మీద కూసుంటయి. బయట రేకు అనుకునేది ఒక పువ్వు, మధ్యల గింజ లెక్క కనవడేది ఇంకో పువ్వు. ఒక్క పొద్దుతిరుగుడు తలకాయల అన్ని గింజలు ఎట్లొస్తయి మరి, ఒక్కో గింజ ఒక్కో పువ్వుది కాబట్టే.

సరే, మన వాటి దగ్గరికొద్దాం. మన ఊర్లల్ల డైసీ చూపియ్యమంటే ఎవరన్న చూపిచ్చేది గడ్డి చామంతి. బడి ముంగట, బస్టాండ్ ఎనుక, గోడ సందుల, రైలు పట్టాల పొంటి, అంతటా ఉంటది, సన్నటి పొడుగు కాడ, దాని కొసకు పసుపుబొట్టు చుట్టూ లేత రంగు రేకులు. పలక తుడుచుకున్నం, దెబ్బ తాకితే ఆకు పసరు పిండుకున్నం, రావణాసురుడి తల అని పువ్వు తుంపి ఎగరగొట్టినం. దాన్ని మనది కాదంటే ఎవరూ నమ్మరు గాని అది మెక్సికో, మధ్య అమెరికా నుంచి వచ్చిన మొక్క. సైంటిఫిక్ పేరు ట్రైడాక్స్ ప్రొకంబెన్స్. బంతి కూడా ఆ దిక్కు నుంచి వచ్చిందే, చామంతి చైనా దిక్కుది. వచ్చినయి వచ్చినయే, వాటితోని మనకు పండుగలు కుదిరినయి, గడ్డి చామంతి మీద తేనెటీగలు, చిన్న చిన్న సీతాకోకచిలుకలు మంచిగనే బతుకుతయి, వాటిని పీకెయ్యమని నేనెప్పుడూ అనను. వయ్యారిభామ సంగతి మాత్రం వేరు, దాని గురించి కిందికి పోయినంక చెప్త.

మరి మన సొంతవి ఏవి? ఎక్కడున్నయి? చాన రోజుల సంది చూసుకుంట చూసుకుంట నాకు సమజైంది ఏందంటే, బయట నుంచి వచ్చినవి ఎక్కడ పడితే అక్కడ బతుకుతయి, మనవి మాత్రం ఒక్కోటి ఒక్కో జాగ పట్టుకోని ఉంటయి. ఆ జాగ తడి ఎప్పుడు ఆరుతది, ఎంత ఎండ పడతది, మట్టి ఎంత లోతుంది, ఇవన్నీ కుదిరితేనే మొలుస్తయి. అందుకే ఉత్తగ పువ్వును వెతికితే దొరకదు, ముందు దాని జాగ ఏందో తెలుసుకోవాలె.

చెరువు శిఖం, అంటే చెరువు లోపల నీళ్లు దిగినంక బయటవడే నేల, అక్కడి నుంచి మొదలువెడదాం. మాది నర్సంపేట దిక్కు, పాకాల చెరువు దూరం కాదు, కాకతీయుల కాలంల, 13వ శతాబ్దంల కట్టిన చెరువు అది. పాకాల, రామప్ప, లక్నవరం, వీటి సంగతి అందరికీ తెల్సు, వాటి కింద ప్రతి ఊరికి ఒక చిన్న చెరువో కుంటో ఉంటది. వానకాలంల నిండుతది, మత్తడి దుంకుతది, కార్తీకం దాటినంక తూము ఇప్పితే నీళ్లు మెల్లగ ఎనుకకు పోతయి, పోయిన జాగల మెత్తటి బురద, ఎండవడి పగుళ్లు వడ్డ నల్లమట్టి బయటవడతది. ఆ మట్టి మీద నేలకు అతుక్కోని పరుచుకుంటది మాచిపత్రి అనే చిన్న మొక్క, పుస్తకాలల్ల గ్రాంజియా మదరాస్‌పటానా అని ఉంటది. ఆకులు అంచులకు కోసుకపోయినట్టుంటయి, నలిపితే ఘాటు వాసన. పువ్వుకు రేకులు ఉండయి, ఉత్త పసుపు గుండీలు, చొక్కా గుండీ అంతే సైజు. వినాయక చవితి నాడు 21 పత్రుల మొదటిది మాచీపత్రం గదా, కొన్ని దిక్కుల దీన్నే పెడ్తరు, ఇంకొన్ని దిక్కుల దవనం జాతి మొక్కను పెడ్తరు, రెండూ చామంతి కుటుంబంవే అనుకోండి. ఈ మొక్క బతుకు మొత్తం నీళ్లు ఎనుకకు పోవుడు మీదనే ఉన్నది. వానకాలం అంతా దాని విత్తనాలు నీళ్ల కిందనే ఉంటయి, మట్టి బయటవడంగనే మొలుస్తయి, మళ్ల వానలొచ్చే లోపల పూసి, కాసి, విత్తనం రాల్చి అయిపోవాలె. నాకు దీంట్ల మస్తు నచ్చేది ఏందంటే, చెరువు మనుషులు కట్టిందే, కాని ఎన్మిది వందల ఏండ్ల సంది ప్రతి ఏడు నిండుకుంట దిగుకుంట ఉండేసరికి అది ఈ పూలకు సొంతిల్లు అయిపోయింది. సహజమైన జాగ అంటే మనిషి కాలు పెట్టని అడవే కానక్కర్లేదు.

చెరువు కిందికి వస్తే పొలాలు. ఇక్కడ నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఉన్నది, బోడసరం. కొందరు బోడతరం అంటరు. వరి కోసినంక, మడిల ఇంకా కొంచెం తడి ఉండంగనే, కొయ్యకాళ్ల మధ్యల నుంచి లేస్తది. కాడ పొంటి ఆకు అంచు రెక్కల లెక్క దిగుతది, మొత్తం మొక్కకే ఒక రకమైన మంచి ఘాటు వాసన, చేతికి తాకితే చాన సేపు పోదు. కొసలకు గుండ్రటి ఊదా గులాబీ రంగు ఉండలు. ఒక్కో ఉండల బోలెడు చిన్న చిన్న గుత్తులు, ఒక్కో గుత్తిల మళ్ల చిన్న పూలు. ఆయుర్వేదం మందులల్ల ముండి, గోరఖ్‌ముండి అనేది దీన్నే, సైంటిఫిక్ పేరు స్ఫేరాంథస్ ఇండికస్, స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1753లనే పేరు పెట్టిండు. నవంబర్ నుంచి మార్చి దాక చూడొచ్చు. మా ఊర్ల పెద్దమ్మలకు ఈ మొక్క మంచిగ తెల్సు, ఇప్పటి పిల్లలకు చూపిస్తే ఇదేం పువ్వు అంటరు, తప్పు వాళ్లది కాదు, వాళ్లకు చూడనీకె దొరుకుత లేదు.

అదే పొలంల, కాకపోతే ఇంకా నీళ్లు ఎక్కువ నిలవడ్డ దగ్గర, కాలువ పొంటి గుంటలల్ల ఇంకోటి ఉంటది, సీసులియా ఆక్సిల్లారిస్. పొడుగు సన్నటి ఆకులు, ఆకు కాడకు అతికే సందుల్ల లేత ఊదా తెలుపు కలిసిన పూలు కాడ లేకుండ కూసోని ఉంటయి. దూరం నుంచి చూస్తే పువ్వు అని కూడా అనిపియ్యది, దగ్గరికి వంగి చూడాలె. దీనికి ఆ పేరు పెట్టింది విలియం రాక్స్‌బర్గ్, 18వ శతాబ్దం చివర్ల సామర్లకోటల ఉండి కోస్తా మొక్కల మీద పని చేసినాయన. ఈ మొక్క ప్రజాతిల, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపుల, ఈ ఒక్క జాతే ఉన్నది, అది కూడా మన భారత ఉపఖండం దిక్కుదే. పొలం గుంటల పెరిగే మొక్కకు ఇంత ప్రత్యేకత ఉందని తెల్సినప్పటి సంది నేను ఆ గుంటల పక్క నుంచి పోతే ఆగకుండ పోలేను.

పొలాల దగ్గర తెల్లగ చిన్నగ పూసే గుంటగలగర గురించి కూడా అడుగుతరు కొందరు, నూనెల వేసి కాచి తలకు పెట్టుకునేది. అది కూడా ఇదే కుటుంబం, రూపం చూస్తే బుల్లి డైసీనే. కాని దాని పుట్టిల్లు ఎక్కడ అనే దాని మీద వాదనలు ఉన్నయి కాబట్టి దాన్ని ఈ లెక్కల పెడ్త లేను.

సహదేవి అయితే మీ ఇంటి ముంగటనే ఉంటది. నిజంగనే, ఇది చదివి లేచి బయటికి పోయి మోరీ పక్కన చూడండి. గరిటికమ్మ అని కూడా అంటరు. మోకాలెత్తు అటు ఇటుగ పెరుగుతది, సన్నటి కాడలు, కొసలకు ఊదా రంగు చిన్న కుచ్చులు, ఎండినంక తెల్లటి దూది పట్టుకోని గాలికి పోతయి. రేకులు దీనికి కూడా ఉండయి. మన దేశం, ఆఫ్రికా, ఆస్ట్రేలియా దాక సొంతంగ ఉన్న మొక్క ఇది, మనవాటిల్ల ఎక్కడన్న సర్దుకపోయేది ఇదొక్కటే అనిపిస్తది. వెర్నోనియా అని చదువుకున్నరు చాన మంది, 1990ల దాన్ని సయాంథిల్లియం సినెరియం అని మార్చిన్రు.

ఇగ చెల్క భూములు. ఎర్రమట్టి, ఇసుక పాలు ఎక్కువ, నీళ్లు నిలవయి. చెల్క గెట్లు, పడావు పడ్డ భూములు, గైరాన్లు అనే ఊరుమ్మడి మేత భూములు, పశువులను తోలే బాటలు, తుమ్మ చెట్ల సందులు, ఇక్కడ ఉంటది నా లెక్కల అచ్చమైన మన డైసీ. మా ఊర్ల దీన్ని ఉత్తగ పచ్చపువ్వు అనే అంటరు. సైంటిఫిక్ పేరు వికోవా ఇండికా, కొన్ని పుస్తకాలల్ల పెంటనీమా ఇండికమ్ అని కూడా ఉంటది. మోకాలెత్తు నుంచి కొంచెం పైకి, సన్నగ, కొమ్మ కొమ్మకు దారం లాంటి కాడ, దాని కొసకు పసుపు పువ్వు, చుట్టూ సన్న సన్నటి రేకులు, నడుమ పసుపు బొట్టు. రూపాయి బిళ్ల కంటె చిన్నగనే ఉంటది. గుర్తు పట్టనీకె మంచి ఆనవాలు ఏందంటే ఆకు మొదలు చెవుల లెక్క వచ్చి కాడను సగం పట్టుకోని ఉంటది. సెప్టెంబర్ ఆఖరు నుంచి జనవరి దాక పూస్తది. పొద్దున ఎండ పడంగ ఒక గెట్టు పొంటి ఇవి వరుసగ పూసి ఉంటే నేను చూసుకుంట అక్కడనే నిలవడత, ఎవరన్న ఏమైందని అడిగిందాక కదలను.

అవే చెల్కలల్ల ఇంకా ఎండ ముదిరినంక, డిసెంబర్, జనవరిల, ముండ్ల బంతి లాంటిది ఒకటి లేస్తది, ఎకినాప్స్ ఎకినాటస్, ఒళ్లంత ముండ్లు, ఆకు అడుగున తెల్లటి నూగు, గుండ్రటి తల తెలుపు మీద కొంచెం నీలం. పశువులు ముట్టయి కాబట్టి మేత బీడుల మిగిలేది ఇదే.

గుట్టల సంగతి చెప్పకపోతే వరంగల్ గురించి చెప్పినట్టే కాదు. ఓరుగల్లు అనే పేరే ఒక రాయి మీద వచ్చింది. హన్మకొండ పద్మాక్షి గుట్ట, భద్రకాళి చెరువు చుట్టూ రాళ్లు, ఖిలా వరంగల్ ఏకశిల, ఇవన్నీ సుమారు 250 కోట్ల ఏండ్ల కిందటి గ్రానైట్. గుట్ట అంటే ఉత్త బండ అనుకుంటరు గాని బండ మీద సొట్టలు ఉంటయి, ఆ సొట్టలల్ల బెత్తెడు మట్టి చేరుతది, వానకాలంల చిన్న మడుగు, అక్టోబర్ల తడి మట్టి, డిసెంబర్ల గట్టి పెంకు. ఆ కొంచెం కాలంల బతుకు ముగించుకునే మొక్కలు ఉన్నయి. గ్లోసోకార్డియా బోస్వాలియా అట్లాంటిదే, జానెడు కూడా ఉండదు, ఆకులు సోంపు ఆకు లెక్క సన్నగ చీలి ఉంటయి, నలిపితే వాసన కూడా సోంపు దగ్గర దగ్గర ఉంటది, పసుపు పువ్వు గింజంత. గులకరాళ్లు, లోతు లేని మట్టి, పూర్తి ఎండ, ఇవి ఉంటేనే బాగుంటది. మంచి మట్టి కుండీల వేసి రోజూ నీళ్లు పోస్తే దానికి మేలు చేసినట్టు కాదు.

ఇప్పుడు బాధైన ముచ్చట. ఈ జాగలన్నిటికీ రెవెన్యూ లెక్కలల్ల పేర్లు ఏమున్నయో చూడండి, శిఖం, గైరాన్, పడావు, పోరంబోకు, బంజరు. అంటే ఎవరి కండ్లకైనా ఖాళీ జాగలు. ఖాళీ అనుకున్న జాగను నింపాలని అనిపిస్తది మనుషులకు. గుట్టను క్వారీకి ఇస్తే గుట్టే పోతది, కరీంనగర్ గ్రానైట్ దేశదేశాలకు పోతది అని గొప్పగ చెప్పుకుంటం, ఆ బండ పైన సొట్టలల్ల ఏమున్నదో పేలుడు వెట్టే ముందు ఎవరూ చూడలేదు. చెల్క గెట్ల మీద పత్తి వేసినోళ్లు గడ్డి మందు కొడ్తున్నరు, కూలీలు దొరకక కొడ్తున్నరు, అది నాకు తెల్సు, కాని చేను లోపల కొట్టుడు వేరు, గెట్టు దాక బాట దాక కొట్టుడు వేరు. గెట్టు మీద పచ్చపువ్వు పత్తికి చేసే నష్టం ఏమీ లేదు. పైగా అక్కడ మందు కొట్టి ఖాళీ చేస్తే ఆ జాగల లేచేది వయ్యారిభామనే. 1955ల పుణెల కనవడ్డదని చెప్తరు, ఇప్పుడు మన దగ్గర అది లేని ఊరు లేదు, చర్మానికి దురద, ఊపిరికి ఇబ్బంది, పక్కన ఇంకో మొక్కను లేవనియ్యదు. మన సొంత మొక్కలు గుబురుగ ఉన్న గెట్టు మీద దానికి సందు తక్కువ దొరుకుతది, బయలు వడ్డ నేల మీదనే అది ముందు కాలు వెడ్తది.

నీళ్ల విషయం చెప్పాలంటే కొంచెం ఆలోచించి చెప్పాలె, ఎందుకంటే మా వాళ్లు నీళ్లు లేక పడ్డ తిప్పలు నేను చూసిన. కాలువలొచ్చినయి, 2015ల మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీసిన్రు, యాసంగి వరి పెరిగింది, మంచిదే, నాకు దాని మీద ఫిర్యాదు లేదు. కాని వానకాలం వరి కోసిన పది పదిహేను రోజులకే కరిగెట చేసి మళ్ల నాటు వేస్తే బోడసరంకు ఖాళీ ఎక్కడిది? దానికి కావాల్సింది ఆ నడిమి మూడు నాలుగు నెలలే. చెరువు ఎండకాలం దాక నిండుగనే ఉంటే మాచిపత్రికి మట్టి ఎప్పుడు బయటవడతది? ఇంకోటి, కట్టల మీద సుందరీకరణ అని టైల్స్ వేసి, లాన్ వేసి, శిఖం అంచు దాక రాయి కట్టుడు మొదలైంది, నడవనీకె మంచిగ ఉంటది, ఫోటోలు మంచిగొస్తయి, కాని నీళ్లకు నేలకు మధ్యల ఉండే ఆ మెత్తటి ఏటవాలు అంచు పోయింది. చెరువు చుట్టూ ఒక దిక్కు రాయి కట్టి ఇంకో దిక్కు అట్లనే విడిచిపెడితే ఖర్చు కూడా తగ్గుతది గదా.

ఇంకో కారణం కూడా ఉన్నది ఇవి ఎవరికీ పట్టకపోనీకె. బ్రిటిష్ కాలంల మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల మీద పెద్ద పెద్ద సంపుటాలు వచ్చినయి, బొంబాయి ప్రెసిడెన్సీ మీద వచ్చినయి, నడుమల నిజాం రాజ్యం మాత్రం రెండిట్ల దేంట్ల లేకుండ మిగిలిపోయింది. తర్వాత కాకతీయ యూనివర్సిటీ 1976ల వచ్చింది, అక్కడి బాటనీ వాళ్లు, ఇంకా వేరే దిక్కులోళ్లు మన జిల్లాల మొక్కల మీద పని చేసిన్రు, అయినా ఆ పని ఊర్లకు చేరలేదు. బడిల పిల్లలకు చామంతి కుటుంబం అంటే బోర్డు మీద పొద్దుతిరుగుడు బొమ్మ గీస్తరు, బడి ఎనుక గోడకు సహదేవి పూసి ఉంటది, తీస్కపోయి చూపిస్తే ఐదు నిమిషాల పని. బడిల పని చేసే వాళ్లు ఎవరన్న ఇది చదువుతుంటే ఈ ఒక్కటి చెయ్యండి, ఒక భూతద్దం దొరికితే ఇంకా మంచిది, ఒక్క సహదేవి కుచ్చు విప్పితే ఇరవై దాక పూలు బయటవడతయి, పిల్లలు విడిచిపెట్టరు.

వెతకనీకె పోయేవాళ్లకు ఇంకో మాట, ఇంటికి తెచ్చుకోని కుండీల పెట్టుకుందాం అని పీకకండి. బోడసరం తడి ఆరే మడి లేకుంటె ఉండదు, గుట్ట మీది గ్లోసోకార్డియా సంగతి పైన చెప్పిన. ఫోటో తీసుకోండి, ఏ నెల, ఏ జాగ, పక్కన తడి ఉందా లేదా రాసి పెట్టుకోండి. రెండు మూడేండ్లు ఒక్కటే గెట్టును చూస్తే ఏది పోతుంది, ఏది వస్తుంది మీకే తెలుస్తది.

మా ఇంట్ల ఈ ముచ్చట మీద మా తమ్మునితోని మస్తు సార్లు మాట్లాడిన. వ్యవసాయం చేసేది వాడు, ఖర్చు వాడిది, నేను హన్మకొండల కూసోని గడ్డి మందు కొట్టకు అంటే ఎట్ల కుదురుతది, వాడన్న మాట కూడా నిజమే. ఆఖరికి ఇద్దరం ఒప్పుకున్నది ఏందంటే, చెల్క దిక్కు ఉన్న పెద్ద గెట్టు మీద మందు కొట్టరు, వయ్యారిభామ ఒక్కదాన్ని పూత రాకముందే చేతికి తొడుగులు వేసుకోని పీకుడు, అది నేను పోయినప్పుడు నా పని. పొలంల చెరువు కాలువ పొంటి మూలకు ఉన్న చిన్న మడి, ఎట్లయినా యాసంగికి నీళ్లు సరిగ ఎక్కనిది, అది మార్చి ఆఖరు దాక దున్నడు. బోడసరం విత్తనం రాలేది ఆ లోపలనే. బాపు మాత్రం ఆ మడిల మేకలను తోలకుండ ఆపుడు ఎట్లనో మీరే చూస్కోండి అన్నడు, దానికి ఈ వారం పోయి తుమ్మ కంప కొట్టి అడ్డం పెట్టాలె.